ఆరు మూలల బల్ల

జూన్ 4
మా ఆయన కుడి మణికట్టుకు ఆస్పత్రిలో కట్టు కట్టి పంపించారు. నిచ్చెన మీద నుంచి పడి తలకు దెబ్బ తగలకుండా బయటపడ్డారు కాబట్టి సంతోషించమని అందరూ చెబుతున్నారు. సంతోషంగానే ఉన్నాను. ఆయన వడ్రంగి షెడ్డులో లైబ్రరీ వాళ్ళ పనికి తెచ్చిన చెక్క అంతా దించినట్టే పడి ఉంది. రంపం మిషను మీద పాత దుప్పటి కప్పి వచ్చాను.

జూన్ 6
మరిది ఫోన్ చేశాడు. పెద్ద ఫర్నిచర్ కంపెనీలో సూపర్‌వైజర్ కదా, మాటలో ఆ దర్జా ఉంటుంది. "అన్నయ్య చెయ్యి ఇక మునుపటిలా తిరగదేమో వదినా. వచ్చే నెలాఖరుకి వ్యాన్ వేసుకొస్తా. మిషన్లు పట్టుకెళ్ళిపోతా. లైబ్రరీ పని కూడా మావాళ్ళతో చేయించేస్తాలే."

ఆయన ఫోన్ తీసుకుని "సరే" అన్నారు. నన్నొక మాట అడగలేదు. నన్ను అడగాల్సిన పనేముంది? నేను పనిచేసే పళ్ళ డాక్టరు క్లినిక్ మూసేసినప్పటి నుంచి నేను ఖాళీయే. షెడ్డులో నేను చేసే పనల్లా పొట్టు ఊడవడం. అయినా ఆ "సరే" అన్నంలో రాయిలా తగిలింది.

జూన్ 7
నేను చేస్తానన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా ఊడిపడిందో నాకే తెలీదు.

"ఏం చేస్తావ్?" అన్నారాయన.

"లైబ్రరీ బల్ల."

"అది స్టూలు కాదే. స్తంభం చుట్టూ కూర్చునే ఆరు మూలల బల్ల. ఆరు ముక్కలూ ఒకదానికొకటి అతకాలి. ఎక్కడ కొంచెం తేడా వచ్చినా చివర నోరు తెరుచుకుంటుంది."

"మీరు చెప్పండి, నేను కోస్తాను. మిషన్లు ఎలాగూ వచ్చే నెలాఖరు దాకా ఇక్కడే ఉంటాయిగా."

ఆయన నవ్వారు. నవ్వి నవ్వి, "సరే, బల్ల కుదిరితే అప్పుడు చూద్దాం తమ్ముడికి ఏం చెప్పాలో" అన్నారు. ఊరికే అన్న మాటే. నేను మాత్రం పట్టుకున్నాను.

అత్తయ్య నవ్వలేదు. ముప్పై ఏళ్ళు ఆరో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కళ్ళజోడు సర్దుకుని, "అమ్మాయ్, కోణం అంటే ఏమిటి?" అంది.

"మూల" అన్నాను.

"మూల కాదు, తిరుగుడు. ఒక గీత ఇంకో గీతని వదిలి ఎంత తిరిగిందో అది కోణం. రేపు పొద్దున్న టిఫినయ్యాక కూర్చో."

ఇదంతా లైబ్రరీ వాళ్ళ దగ్గర మాట పోకూడదని. అంతే. నాకేం సరదా కాదు.

జూన్ 9
అత్తయ్య తన పెట్టెలోంచి చెక్క కోణమానిని తీసింది. బ్లాక్‌బోర్డు మీద వాడేది, అర్ధచంద్రంలా నా ముంజేయంత పొడవుంది. రిటైరైన రోజున స్కూలు వాళ్ళు శాలువాతోపాటు ఇచ్చారట. శాలువా ఎక్కడుందో ఆవిడకి గుర్తులేదు.

రెండు కోణాలు గీసింది. ఒకదాని భుజాలు కాగితం ఈ చివర నుంచి ఆ చివరకి సాగాయి. రెండోది బొటనవేలంత. ఏది పెద్దదో చెప్పమంది. కళ్ళకి కనిపిస్తుంటే చెప్పడానికేముంది, పొడుగుదే పెద్దదన్నాను. అత్తయ్య కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని మరీ నవ్వింది. "ముప్పై ఏళ్ళలో ఒక్క బ్యాచీ కూడా తప్పలేదమ్మాయ్, ప్రతి ఏడూ ఇదే జవాబు!"

కొలిచాను. రెండూ నలభై. మళ్ళీ కొలిచాను. నలభైయే. భుజాన్ని గోడ దాకా, వీధి దాకా, ఎంత దూరం సాగదీసినా ఆ నలభై నలభైగానే ఉంటుందట. ఇంత పెద్ద సంగతి ఇన్నాళ్ళూ నాకు ఎవరూ చెప్పలేదేమిటి? చెప్పే ఉంటారు. నేనే కిటికీలోంచి చూస్తూ ఉండి ఉంటాను.

సాయంత్రం దాకా ఇల్లంతా కొలిచాను. ఫ్యాను రెక్కలు, ఇస్త్రీ బల్ల కాళ్ళు, సగం మూసిన పుస్తకం. ఆయన పడక కుర్చీ దగ్గరికి వెళ్తే, "నన్ను కొలిచావంటే ఊరుకోను" అన్నారు. కుర్చీ నూట ముప్పై. ఆయన్ని కొలవలేదు.

జూన్ 10
తలుపు తీస్తుంటే కోణం పెరుగుతోంది. ఇన్నేళ్ళుగా తలుపులు తీస్తూనే ఉన్నాను!

జూన్ 12
లైబ్రరీకి ముగ్గురం వెళ్ళాం. పాత భవనం, చదివే హాలు మధ్యలో ముగ్గురు చేతులు కలిపితే తప్ప చుట్టలేని గుండ్రటి స్తంభం. నేల మీద సుద్దముక్కతో ఆరు మూలల గీత గీశాం. అత్తయ్య పర్యవేక్షణ. పేపర్లు చదువుకునే పెద్దమనుషులు కూడా లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు.

మా టేపు చూసి అత్తయ్యకు మళ్ళీ ఒళ్ళు మండింది. దాని కొస వంగిపోయి, మొదటి గీతలు అరిగిపోయి ఎన్నేళ్ళయిందో. అందుకే ఆయన పది సెంటీమీటర్ల గీతని అంచున పెట్టి కొలుస్తారు, వచ్చినదాంట్లోంచి పది తీసేయాలి. షెడ్డులోనే కాదు, ఇంట్లో కర్టెను కొలిచినా అంతే. ఆయన టేపు మీదున్న అంకె చదువుతారు, రాసుకునేవాళ్ళు పది తీసేసి రాసుకుంటారు. కొత్త టేపు కొనమంటే, ఇది చేతికి అలవాటైంది అంటారు.

"సున్నా దగ్గర మొదలెట్టని కొలత కూడా ఒక కొలతేనా?" అంది అత్తయ్య, హాలంతా వినపడేలా.

"ఎక్కడ మొదలెడితే ఏముందమ్మా? మొదటికీ చివరికీ తేడా చాలు."

"అదీ నిజమేలే" అంది, ఇష్టం లేకుండానే.

ఆయన ఎడమ చేత్తో టేపు పట్టుకుని బయటి భుజం కొలిచి, "నూట ఇరవై" అని చదివారు. ఆయన గుర్తు చేసేలోపే పది తీసేసి నూట పది అని రాసుకున్నాను. లోపల్లోపల ఎంత గర్వమో. ఆరు భుజాలూ సమానం కాబట్టి ఒక్క కొలత చాలు. వచ్చేటప్పుడు దారి పొడవునా పాట పాడుకుంటూ వచ్చానట, అత్తయ్య చెప్పింది.

జూన్ 14
పారేసే చెక్కతో మొదటి ముక్క కోశాను. ప్రతి ముక్కకీ బయటి అంచున రెండు చివర్లా అరవై డిగ్రీలు రావాలి, చివర్లు రెండూ లోపలికి వాలాలి. కోణమానిని మీద అంకెలు రెండు వరసల్లో ఉంటాయి. ఒకటి కుడి నుంచి ఎడమకి, ఇంకోటి ఎడమ నుంచి కుడికి. ఒక చివర పై వరస చూశాను, రెండో చివరా పై వరసే చూశాను. ముక్క రెండు చివర్లా ఒకే వైపు వాలి, బయల్దేరిన బస్సులో నిలబడ్డ మనిషిలా తయారైంది.

ఆయన పగలబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, కానీ ఆపుకున్నాను.

"అంకె చూడకు, ముందు కోణం మొహం చూడు" అంది అత్తయ్య. "లంబకోణం కన్నా మూసుకుని ఉందా, తెరుచుకుని ఉందా? మూసుకుని ఉన్నదానికి నూట ఇరవై ఎలా వస్తుంది?"

మొహం చూడటం అలవాటు చేసుకుంటున్నాను.

జూన్ 19
అట్టలతో ఆరు ముక్కలు కోసి నేల మీద పేర్చాను. అయిదు చక్కగా కూర్చున్నాయి. ఆరోది పెట్టేసరికి నా వేళ్ళన్నీ పట్టేంత సందు! ఒక్కో కోతలో ఒక్క డిగ్రీ పోయిందట. ఒక్క డిగ్రీ కంటికి కూడా ఆనదు. కానీ ఆరు ముక్కలు, పన్నెండు కోతలు, అన్నీ ఒకే వైపు తప్పితే చివర పన్నెండు డిగ్రీలు. చిన్న తప్పులన్నీ ఎక్కడికీ పోకుండా చివరి ముక్క దగ్గర కాచుకుని కూర్చున్నాయి.

దీని మీద అమ్మకీ కొడుక్కీ పెద్ద వాదన.

"పెన్సిలు చెక్కి గీయమను. గీతకి వెడల్పు ఉండదు" అంది అత్తయ్య.

"గీతకి లేకపోతే లేదు, రంపానికి ఉంటుందమ్మా. గీతకి ఏ పక్కన కోస్తుందో చూసుకోమను."

భోజనాల దగ్గర కూడా అదే గొడవ. ఆ గొడవ నా గురించి, నా గీత గురించి. రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

జూన్ 27
సందు లేదు. అట్టలోనే. అయినా సందు లేదు!!

జూలై 3
అసలు చెక్క కోశాను. ఆయన్ని కట్టు చూపించడానికి అత్తయ్య ఆస్పత్రికి తీసుకెళ్ళింది. షెడ్డులో నేనూ, మిషనూ. మొదటి కోతకి ముందు గీతని మూడుసార్లు చూసుకున్నాను, రెండో కోతకి ఒక్కసారే. రంపం చెక్కలోకి దిగేటప్పుడు ఒక గొంతు, బయటికి వచ్చేటప్పుడు ఇంకో గొంతు. ముక్క కింద పడినప్పుడల్లా మూలమట్టం, కోణమానిని, మళ్ళీ మూలమట్టం. ఆకలి గుర్తు రాలేదు.

ఇది ఈ ఒక్క పని వరకే. ఆయన చెయ్యి బాగవగానే నా గిన్నెలు నావి.

జూలై 11
ఆరు ముక్కలూ షెడ్డులో నేల మీద పేర్చాం. ఆరోది లోపలికి జారి టక్కుమని కూర్చుంది. కాగితం ముక్క దూర్చబోయాను, దూరలేదు. అత్తయ్య చప్పట్లు కొట్టింది. డెబ్భై దాటిన మనిషి, చంటిపిల్లలా. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఎడమ చేతి వేళ్ళతో ఆరు అతుకులూ తడిమి చూశారు. ఎక్కడా గోరు తగల్లేదు.

"కొంచెం చిన్నగా కనిపిస్తోందేం?" అన్నారు.

"మధ్యలో స్తంభం లేదుగా, అందుకు" అన్నాను.

నిజమే కదా, స్తంభం లేదు.

జూలై 18
కట్టు విప్పారు. మణికట్టు సగమే తిరుగుతోంది. ఇంతకన్నా రాకపోవచ్చన్నాడు డాక్టరు. ఇంటికి వచ్చి ఆయన ఉలి పట్టుకుని చూసుకున్నారు, పక్కన పెట్టేశారు. నేను దాన్ని తీసి అరలో సర్దాను.

జూలై 24
లైబ్రరీలో బల్ల పెట్టే రోజు. మరిది కూడా వచ్చాడు, కొత్త చొక్కాతో. లైబ్రేరియన్ గారు హాలు ఖాళీ చేయించి నిలబడ్డారు. ఆవిడ ముందు నేనే ముక్కలు సర్దాను.

పట్టలేదు.

స్తంభం లావు, బల్ల చిన్నది. స్తంభానికి ఆనించి పేరిస్తే ప్రతి మూలా నోరు తెరుచుకుంది. మూలలు కలిపితే స్తంభం అడ్డం. మేం గీసిన సుద్దగీత ఎప్పుడో తుడిచేశారు కానీ, అది ఎక్కడ ఉండేదో నా కాళ్ళకి గుర్తుంది. బల్ల అక్కడి దాకా రావడం లేదు.

"ఎంత రాసుకున్నావు?" అన్నారాయన.

"నూట పది."

"నూట పదేంటి? నూట ఇరవై కదా నేను చదివింది!"

"చదివారు. అందులో పది తీసేశాను."

"నేను తీసేసే చదివాను!"

"ఇన్నేళ్ళలో మీరెప్పుడైనా తీసేసి చదివారా?"

ఆయన గొంతు తగ్గింది. "కొత్తదానివి, తికమక పడతావేమోనని ఆ ఒక్కసారికి నేనే తీసేశాను."

ఆయన జాలిపడి పది తీశారు. నేను పౌరుషంతో పది తీశాను. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన నాకోసం పని తగ్గించిన మొదటిసారి ఇదేనేమో, అది కూడా చెప్పకుండా.

మరిది నవ్వు ఆపుకోలేకపోయాడు. "పోన్లే వదినా, మధ్యలో పూలకుండీ పెట్టుకోవచ్చు."

లైబ్రేరియన్ గారు కోప్పడలేదు. తిట్టినా బాగుండేది. బుధవారం నుంచి పిల్లల కథల క్లాసులు ఉన్నాయని, ఆలోపు ఏదో ఒకటి తేల్చమని మాత్రం అన్నారు. మరిది వెంటనే, "మావాళ్ళు చేసేస్తారండీ, పాతది తీసేసి కొత్తది" అన్నాడు. ఆయన తల వంచుకున్నారు. అంటే ఒప్పుకున్నట్టే.

అదే రోజు, సాయంత్రం
ఏడుపు అయిపోయింది. షెడ్డులో ముక్కల మధ్య కూర్చుని ఒక మూల మీద కోణమానిని పెట్టాను, ఊరికే, చేతికి ఏదో ఒక పని ఉండాలని. అరవై. ఇంకో మూల. అరవై. ఆరు ముక్కలకీ పన్నెండు చివర్లూ అరవై!

కోణాలు తప్పలేదు. పొట్టిదైనంత మాత్రాన కోణం మారదు. తప్పిందల్లా పొడవు, అది కూడా ప్రతి ముక్కకీ సరిగ్గా పదే. చివర్ల జోలికి పోకుండా ఒక్కో ముక్కని నడిమికి కోసి, మధ్యలో పది పెడితే?

కేక పెట్టాను. అత్తయ్య పరిగెత్తుకొచ్చింది, చెయ్యి తెగిందేమోనని. చెప్పాను. కళ్ళజోడు సర్దుకుని ముక్కలు చూసింది.

"రేఖాఖండం మధ్యలో ఇంకో ముక్క చేర్చితే మొత్తం పెరుగుతుంది, రెండు చివర్లూ ఏమీ ఎరగవు. ఎవరు చెప్పారమ్మాయ్ నీకు?"

"ఎవరూ చెప్పలేదు."

"నేను కూడా చెప్పలేదా?"

"లేదు."

ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టి అలాగే ఉంచింది.

ఆయన గుమ్మంలో నిలబడి విన్నారు. లోపలికి వచ్చి, "కొత్త ముక్క కింద అటొక కాలు ఇటొక కాలు రావాలి, లేకపోతే కూర్చున్నవాళ్ళతో సహా కూలుతుంది" అన్నారు. మళ్ళీ, "నడిమికి కోసేటప్పుడు రంపం తినేది కూడా కలుపుకో" అన్నారు.

"కలిపాను" అన్నాను.

జూలై 26
వెనక గోడకి ఆనించి ఉన్న నల్లచెక్కతో ఆరు ముక్కలు తీశాను. లేత రంగు బల్లలో ఆరు నల్లపట్టీలు. మొదటి ముక్కని నడిమికి కోసేటప్పుడు, కుదిరిన దాన్ని మళ్ళీ కోస్తున్నానే అని ప్రాణం పోయింది. కాళ్ళు ఎక్కడ రావాలో ఆయన ఎడమ చేత్తో గుర్తులు పెట్టారు. ఈసారి సున్నా నుంచే కొలిచాం, అత్తయ్య స్కూలు టేపుతో. ఆవిడ మొహం చూడాలి!

జూలై 28
పట్టింది. పట్టింది పట్టింది పట్టింది.

ఆరో ముక్క జారి కూర్చున్న చప్పుడికి హాల్లో పేపరు చదివే పెద్దాయన ఒకాయన తలెత్తి, "ఆ నల్లపట్టీల డిజైను ఎవరిదమ్మా? భలే ఉంది" అన్నారు. మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు, చూసుకుంటే నవ్వు ఆగేది కాదు. మధ్యాహ్నం పిల్లలు వచ్చి స్తంభం చుట్టూ వరసగా కూర్చున్నారు, కాళ్ళు ఊపుకుంటూ. ఒక్క కాలు కూడా కదల్లేదు, బల్లది.

జూలై 30
పొద్దున్నే వ్యాన్ వచ్చి షెడ్డు ముందు ఆగింది. బల్ల కుదిరాక కూడా వస్తుందనుకోలేదు. ఆయన ఫోన్ చేసి వద్దని చెప్పి ఉంటారనుకున్నాను. చెప్పలేదు. "తీసుకెళ్ళరా" అన్నారు తమ్ముడితో, షెడ్డు తాళం అందిస్తూ.

మరిది రంపం మిషను కింద నట్లు విప్పడం మొదలెట్టాడు. ఒకటి విప్పాడు. రెండోది విప్పాడు.

"ఆగు" అన్నాను.

"ఏమైంది?" అన్నారాయన.

"అది ఎక్కడికీ పోదు."

"నా చెయ్యి తిరగదు. నీకు తెలుసు."

"మీ చెయ్యి సంగతి కాదు నేను మాట్లాడేది. నా చేతులు రెండూ బాగానే ఉన్నాయి."

"బల్ల అయిపోయిందిగా. లైబ్రరీ వాళ్ళకిచ్చిన మాట నిలబడింది. ఇంకేం కావాలి నీకు?"

లైబ్రరీ వాళ్ళకిచ్చిన మాట. అదే కారణం నేనూ ఈ పుస్తకంలో ఎన్నిసార్లు రాసుకున్నానో. అబద్ధం. మొదటి రోజు నుంచీ అబద్ధమే.

"నాకిది కావాలి" అన్నాను. "నాకిష్టం. కొలవడం ఇష్టం, కోయడం ఇష్టం. తప్పు ఎక్కడొచ్చిందో వెతకడం కూడా ఇష్టమే. పొద్దున్న లేవగానే నాకు షెడ్డు గుర్తొస్తోంది. బల్ల కుదిరితే చూద్దామన్నారు. కుదిరింది. చూడండి."

వ్యాన్ డ్రైవరు కూడా దిగి వింటున్నాడు. సిగ్గేసింది, కానీ మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన ఇంట్లోకి వెళ్ళిపోయారు. మరిది పానా పట్టుకుని ఎటూ తేల్చుకోలేక నిలబడ్డాడు.

అత్తయ్య చిన్నకొడుకు దగ్గరికి వచ్చి, "విప్పిన ఆ రెండు నట్లూ బిగించి మరీ వెళ్ళు" అంది.

బిగించాడు. వ్యాన్ ఖాళీగా వెళ్ళింది.

ఆగస్టు 1
ఆయన రెండు రోజులుగా షెడ్డులోకి రాలేదు. నేనూ పిలవలేదు. భోజనానికి మాత్రం పిలిచాను.

ఆగస్టు 3
పొట్టు ఊడ్చి, రంపం పళ్ళు తుడుస్తున్నాను. ఆయన వచ్చి గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చున్నారు. ఇంతలో ఆయన ఫోన్ మోగింది. అవతలి గొంతు నాకూ వినిపిస్తూనే ఉంది. లైబ్రరీలో బల్ల చూశారట, ఇంట్లో మెట్లు చేయించుకోవాలట, మలుపు తిరిగే మెట్లు. "మేస్త్రి గారేనా అండీ మాట్లాడేది?" అన్నారు.

మెట్లు నేనెప్పుడూ చేయలేదు. మలుపు తిరిగేవైతే చూడను కూడా చూడలేదు.

ఆయన నా వైపు చూశారు. "కాదండీ. మేస్త్రి గారు పనిలో ఉన్నారు. ఇస్తున్నా, ఉండండి" అని ఎడమ చేత్తో ఫోన్ నాకు అందించారు.

చేతులకి పొట్టు ఉంది. తుడుచుకోకుండానే అందుకున్నాను.

"చెప్పండి" అన్నాను.